కాలితో త్రొక్కు పడవయా, తెడ్డుతో నడుపు పడవయా?

శ్రీశైలయాత్ర చేసిన సోదరీమణులు పాతాళగంగకు దిగినపుడు, కృష్ణపై తట్టలవలె తేలుచుండు పుట్టులను చూచియే యుందురు. వెదురుబద్దలతో నల్లి, పైని ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూయుదురు. పూర్వము తోలు కప్పెడివారు. సుమారు 1520లో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు పేయస్, అట్టి పుట్టులు తుంగభద్రపై పదునైదు, ఇరువదిమందిని దాటించుట చూచి వ్రాసినాడు. ఆ తుంగభద్రయే కృష్ణలో కలసి శ్రీశైలమునకు వచ్చుచున్నది.

ఇపుడు గాలపువేట వినోదముగా గలవారు కయాకులను సన్నని పడవలు కొనుచున్నారు. ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూటులు సీలుచర్మముతో చేసికొన్న పడవలే వీనికి మూలము. వీనిలో తెడ్డుతో నడుచునవి కొన్ని, కాలితో త్రొక్క నడుచునవి కొన్ని. 1997లో అమెరికాలోని హోబీ సంస్థవారు పెంగ్విను రెక్కలవంటివి పడవ యడుగున నాడు యంత్రమును తెచ్చిరి. చిన్న చక్రము తిరుగునవియు గలవు.

భేదము తెలియుటకు మన కుట్టుమిషను చాలును. చేతిమిషనుపై గుడ్డ పట్టుటకు ఒక చేయియే మిగులును. కాలిమిషనుపై రెండును మిగులును. అట్లే త్రొక్కుడుపడవలో గాలము విడువకయే గాలికెదురుగా నిలువవచ్చును. కాళ్ల బలము భుజబలముకంటె నెక్కువ గనుక అలసటయు తక్కువ. వెలయు, బరువును ఎక్కువే, వానినట్లుంచుడు. అసలు చిక్కు నీటి యడుగున నున్నది.

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలపు ఆనకట్ట వెనుక నీటి పూర్తిమట్టము 885 అడుగులు. వేసవిలో నీరు మిక్కిలి తగ్గి, మునిగియున్న సంగమేశ్వరాలయము సైతము బయటపడును. అట్టి చోట్ల పాతయూళ్ల గోడలు, చెట్లమొద్దులు, బురద లోతులేని నీటిలో దాగియుండును. పడవ యడుగున వ్రేలాడు యంత్రము మొద్దునకు తగిలిన వంగును. నాచో, వలత్రాడో చుట్టుకొన్న నాగును. రెక్కలు ముడుచుకొను నేర్పాటున్నను, కనబడని మొద్దునకు ముందుగా ముడుచుట యెట్లు? తెడ్డు తగిలినచో పైకి తీసికొందుము, అంతే.

లింగాలగట్టు, పాతాళగంగ ప్రాంతములలో వేటయే జీవనముగా గల కుటుంబముల మాట వేరు. పుట్టిలో ఒకరు తెడ్డు వేయగా మరియొకరు వల విడుతురు. కొన్నిట తెడ్డు పట్టునది ఇల్లాలే. రెండు చేతులును వేటకే యని అంగడివారు పొగడు సౌకర్యమును ఆమె యేనాడో పెనిమిటికి సమకూర్చినది! బొచ్చె, శీలావతి అమ్మిన సొమ్ములో సగము ఆమెదని నా యభిప్రాయము. ఒంటరిగా త్రొక్కు పడవ వచ్చిన యింట ఆమెకు విశ్రాంతి కలుగునో, వాటాయే పోవునో, కొనుటకు ముందే భార్యాభర్తలు మాటాడుకొనవలెను.

లోతైన, అడ్డులేని చెరువులో వినోదమునకు వేటాడువారు కాలిపడవనే కొనవచ్చును. శ్రీశైలపు నీటికి నేను తెడ్డునే యెన్నుకొందును. ఏది కొన్నను మత్స్యశాఖవారి యనుమతి యడిగి, తేలుడుచొక్కా తొడిగియే పిల్లలను ఎక్కింపవలెను. కాలిపడవయందును తెడ్డొకటి త్రాటితో కట్టియుంచుడు.