లంకెల పంపకము

బిలాస్‌పూరు చేరువనున్న మస్తూరీ వంటి ఊర తెలుగు చదువగోరువానికి మిత్రుడు పంపిన లంకెయే గ్రంథాలయము. వాట్సాపున వచ్చిన ఆ లంకె మరునాటికి సంభాషణల యడుగున పడును.

వాట్సాపు పుట్టకమున్నే, 2003లో, అమెరికాలో జాషువా షాక్టర్ ఇట్టి చిక్కునకు ‘డెలిషస్’ అను మార్గము కల్పించెను. చదువరి తనకు నచ్చిన అంతర్జాలపుట చిరునామాను అందుంచి, తోచిన మాట నొకదానిని తగిలించును. అదే మాట తగిలించిన యితరుల సేకరణలును అతనికి కానవచ్చును. వర్గీకరణ మిట్లు గ్రంథాలయాధికారి చేతినుండి చదువరి చేతికి వచ్చెను. ఒకడు ‘శతకము’ అన్నదానిని వేరొకడు ‘భక్తి’ యనును. సూచీకర్తల కిది అరాజకమే. నాకు మాత్రము ఆ భేదమే రుచించును: ఎవరెట్లు చదివిరో దానివలన తెలియును.

2005లో యాహూ దానిని కొనెను. 2011 మొదలు మరల చేతులు మారి, 2017లో పిన్‌బోర్డు వశమైన పిమ్మట క్రొత్త గుర్తులు చేర్చు వీలు పోయెను. పాఠకులు కూర్చిన సూచి అమ్మకపు సరకైనది. అదిగాక అందు దాచినది చిరునామాయే కాని పుట కాదు. పుట తొలగినచో గుర్తు మిగిలియు గ్రంథము దొరకదు.