మార్టినిక్ ప్రాంతీయ సభ ఎన్నికలు: ప్రజల తీర్పులో వైరుధ్యం

దేశానికి స్వాతంత్ర్యం కావాలనే నాయకుణ్ణి ప్రజలు ఎన్నికల్లో గెలిపిస్తారు. అదే ప్రజలు, స్వపరిపాలన వైపు ఒక అడుగు వేద్దామా అని అడిగితే వద్దంటారు. కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో ఇదే జరిగింది. దీన్ని చైతన్యలోపమని తేల్చెయ్యటం తేలిక. మొదట నేనూ అలాగే అనుకున్నాను. అక్కడి ప్రాంతీయ సభ ఎన్నికలను వరసగా పరిశీలించిన తర్వాత ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది.

మార్టినిక్ 1635 నుంచి ఫ్రాన్సు ఏలుబడిలో వున్న చెరకుతోటల ద్వీపం. 1848లో బానిసత్వం రద్దయింది. 1853 నుంచి దక్షిణ భారతం నుంచి వేలమంది కూలీలను ఆ తోటలకు తరలించారు. చట్టం మారినా భూమి మాత్రం శ్వేతజాతి తోట యజమానుల చేతుల్లోనే మిగిలింది. 1946 మార్చి 19 నాటి చట్టం ఈ వలసను ఫ్రాన్సులో ఒక జిల్లాగా మార్చింది. ఆ చట్టం కోసం పార్లమెంటులో వాదించినవాడు కమ్యూనిస్టు సభ్యుడు, కవి ఎమే సెజేర్. వలసవాదాన్ని తూర్పారబట్టిన రచయిత విలీనాన్ని కోరటమేమిటని మనకు అనిపిస్తుంది. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడి భారతదేశంలో కలిసింది. కలవటానికి మార్టినిక్ పక్కన అటువంటి దేశం లేదు. ఫ్రెంచి కార్మికుడికున్న హక్కులు తోటకూలీకీ దక్కాలంటే ఆనాడు సెజేర్‌కు కనిపించిన దారి అదొక్కటే.

ఆ సమానత్వం నత్తనడక నడిచింది. ఫ్రాన్సులోని కనీసవేతనమే ద్వీపంలోనూ అమలు కావటానికి 1996 దాకా, అంటే యాభై యేళ్లు, పట్టింది. ఈలోగా సెజేర్ 1956లో ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీని విడిచి, 1958లో మార్టినిక్ ప్రగతిశీల పార్టీని స్థాపించాడు. స్వయంప్రతిపత్తి దాని ధ్యేయం.

ఆ ధ్యేయానికి మొదటి ఎదురుదెబ్బ 1981లో తగిలింది. ఆ యేడు ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికల తుదిదశలో సోషలిస్టు మిత్తెరాఁ ఫ్రాన్సులో గెలిచాడు. మార్టినిక్‌లో మాత్రం దాదాపు 80 శాతం ఓట్లు మితవాది జిస్కార్‌కు పడ్డాయి. మిత్తెరాఁ వస్తే ఫ్రాన్సు తమను వదిలేస్తుందనీ, పెన్షన్లూ భత్యాలూ పోతాయనీ భయం వ్యాపించింది. సెజేర్ ఆ భయాన్ని చూసి, ప్రతిపత్తి గురించిన చర్చను కొంతకాలం ఆపుతున్నానని ప్రకటించాడు.

ప్రాంతీయ సభ పుట్టింది ఈ పరిస్థితిలోనే. ద్వీపానికి ఒకే సభ వుండాలన్న సోషలిస్టు ప్రభుత్వ చట్టాన్ని ఫ్రెంచి రాజ్యాంగ మండలి 1982 డిసెంబరులో కొట్టివేసింది. ఫలితంగా ఒకే గడ్డమీద జిల్లా మండలి ఒకటి, ప్రాంతీయ సభ ఒకటి వెలిశాయి. 41 మంది సభ్యుల ప్రాంతీయ సభకు దామాషా పద్ధతిలో మొదటి ఎన్నికలు 1983 ఫిబ్రవరి 20న జరిగాయి. వామపక్షాలు స్వల్ప ఆధిక్యతతో నెగ్గగా సెజేర్ అధ్యక్షుడయ్యాడు. తర్వాత ఆయన పార్టీవాడే అయిన కామీ దార్సియేర్, 1992లో కమ్యూనిస్టు ఎమీల్ కాప్‌గ్రా ఆ స్థానంలో కూర్చున్నారు. 1998లో స్వాతంత్ర్యవాది ఆల్‌ఫ్రెడ్ మరీ-జాన్, మెజారిటీ లేకుండానే, అధ్యక్షుడయ్యాడు. 2004లో గెలిచిన జాబితాకు అదనపు స్థానాలిచ్చే కొత్త పద్ధతిలో ఆయన పక్షం 28 స్థానాలు గెలుచుకుంది.

ఈ విజయాల నడుమ జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలను చూడండి. 2003 డిసెంబరులో రెండు సభలనూ ఒకటి చేద్దామంటే 50.48 శాతం వద్దన్నారు. 2010 జనవరి 10న రాజ్యాంగం 74వ అధికరణం కింద స్వయంప్రతిపత్తి కావాలా అంటే 79 శాతం పైగా వద్దన్నారు. స్వయంప్రతిపత్తి కోసం పుట్టిన సెజేర్ పార్టీ సైతం వద్దనే ప్రచారం చేసింది! రెండు వారాల తర్వాత, వున్న చట్రంలోనే ఒకే సభ చాలునా అంటే 68 శాతం సరేనన్నారు. ఆ మార్చిలో మరీ-జాన్ ఓడి, సెజేర్ పార్టీ నాయకుడు సెర్జ్ లెచిమి గెలిచాడు.

నాకు తోచినంతవరకు ఇందులో చంచలత్వం లేదు. ప్రజల్ని అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ప్యారిస్ ముందు వంగకుండా మన తరఫున బేరమాడగలవాడెవడు అన్నది ఎన్నికల ప్రశ్న. పోరాడి తెచ్చుకున్న సాంఘిక హక్కుల్ని పణంగా పెడతారా అన్నది ప్రజాభిప్రాయ సేకరణలో వాళ్లకు వినిపించిన ప్రశ్న. స్వయంప్రతిపత్తి వస్తే ఆ హక్కులు తప్పక పోయేవని చట్టం చెప్పలేదు. పోవని నమ్మకంగా చెప్పగల ఆర్థికబలం కూడా ద్వీపానికి లేదు. తిండిగింజల దగ్గర్నుంచి చాలా సరుకులు సముద్రం దాటి రావలసిందే. ఈ పరాధీనతను సృష్టించింది వలస ఆర్థికవ్యవస్థ. దాన్ని తలచి జంకిన కూలీని తప్పుపట్టటం న్యాయం కాదు.

అయితే ఆ జంకునే శాశ్వత అంగీకారంగా చూపే ఫ్రెంచి పాలకుల వాదన కూడా చెల్లదు. 2009లో ధరల పెరుగుదలపై ద్వీపం 38 రోజులు సమ్మె చేసింది. 2015 డిసెంబరులో, రెండు సభల స్థానే ఏర్పడిన 51 మంది సభ్యుల కొత్త సభకు తొలి ఎన్నికల్లో మరీ-జాన్ మళ్లీ గెలిచాడు, కాని మితవాదులతో చేతులు కలిపి. 2021లో లెచిమి 37.72 శాతం ఓట్లతోనే, అదనపు స్థానాల పుణ్యాన, మెజారిటీ సంపాదించాడు. సభ మారింది, అధ్యక్షులు మారారు. 2024లో జనం మళ్లీ ధరలపైనే వీధుల్లోకి వచ్చారు. అక్కడ ఆహారం ధరలు ఫ్రాన్సులో కంటే 40 శాతం ఎక్కువని ప్రభుత్వ గణాంక సంస్థే తేల్చింది. సరుకు మీద సముద్ర సుంకం రేటును సభ నిర్ణయించగలదు. టోకు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కొద్ది కంపెనీలను అదుపు చేసే అధికారం మాత్రం దానికి లేదు.

కనుక మార్టినిక్ ఓటరును పిరికివాడనే ముందు, అతను ఎన్నుకున్న సభ చేతిలో ఏముందో చూడాలి. హక్కులు పోకుండా అధికారం వస్తుందని నిరూపించగల ఉద్యమం అక్కడ ఇంకా బలపడవలసి వుంది. అది బలపడేవరకు ఆ ప్రజలు ఒక ఓటుతో తమ ఆత్మగౌరవాన్నీ, ఇంకో ఓటుతో తమ తిండినీ కాపాడుకుంటూ వుంటారు.