పెట్టలు గుడ్డుకు వచ్చేదాకా

తెలుగు పంతులుకు కోళ్ళ దాణాతో పనేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుకొన్నా సరే, చివరిదాకా చదవండి. ఈ సంగతులు నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకొన్నవి కావు. ఒక పెట్టను పోగొట్టుకొని నేర్చుకొన్నవి.

మాది పాతబస్తీలో గౌలిపురా. ఇంటివెనుక షాబాదు బండలు పరచిన చిన్న పెరడు, మూలగా ఒక జామచెట్టు. కిందటి సంవత్సరం మా అమ్మాయి పోరు పడలేక, పిల్లలను పెంచి అమ్మే ఒకాయన వద్ద రెండు నెలల గ్రామప్రియ పెట్టలను ఆరింటిని కొన్నాను. ఈ రకాన్ని తయారుచేసినది ఎక్కడో దూరాన కాదు. మన రాజేంద్రనగర్‌లో 1988లో వెలసిన కోళ్ళ పరిశోధన సంస్థలోనే. వనరాజా కూడా వారిదే. అది మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు.

నా ఆత్రం చూడండి. దాణా ఎంత బలమైనదైతే గుడ్లు అంత త్వరగా వస్తాయనుకొని, గుడ్డుపెట్టే కోళ్ళ దాణా ఒక బస్తా మోయించుకు వచ్చాను.

"పాలు మరవని పిల్లకు బాలింత కాయం పెట్టినట్టుందండీ!" అన్నది మా ఆవిడ.

నేను వినలేదు. నెలన్నర గడిచేసరికి ఒక పెట్ట రెక్కలు వాల్చి మూల కూర్చున్నది. తెల్లగా, నీళ్ళలాగా రెట్ట వేసింది. మూడోనాడు పోయింది. మా అమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు. పశువుల డాక్టరు దానిని కోసి చూపించాడు; మూత్రపిండాలు ఉబ్బి, గుండెమీదా కాలేయంమీదా సున్నం చల్లినట్టు తెల్లటి పొర.

సంగతేమిటంటే, గుడ్డు పెంకు ఒక్కదానికే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. అందుకని గుడ్డుపెట్టే కోడి దాణాలో కాల్షియం నూటికి మూడు, మూడున్నర పాళ్ళుంటుంది. ఎదిగే పెట్టకు ఒక పాలు చాలు. మిగిలినదాన్ని బయటికి నెట్టలేక లేత మూత్రపిండాలు చెడిపోతాయి. బస్తామీద ఎవరికని వ్రాసి వున్నదో చదవకుండా కొన్న తప్పు నాదే. మాంసకృత్తుల లెక్కకూడా వయసునుబట్టి మారుతుంది. ఎనిమిది వారాలలోపు పిల్లలకు నూటికి 20 పాళ్ళు, ఆపైన గుడ్డుకు వచ్చేదాకా 16 పాళ్ళు.

"మా అమ్మ కాలంలో గుప్పెడు జొన్నలు చల్లితే చాలు మాస్టర్ సాబ్, ఈ బస్తాలు ఎక్కడివి?" అంటుంది ఎదురింటి ఖాలా. ఆవిడ మాట అబద్ధం కాదు. కాని ఆ రోజుల్లో ఆ యింటి పెరడు మట్టిది. కోడి కాలితో గీరితే చెదపురుగో, వానపామో, గరికపోచో దొరికేది. తిన్నది నలగడానికి గులకరాళ్ళుకూడా అక్కడే ఏరుకొనేది. మా బండల పెరట్లో ఏమున్నది? మనం పెట్టినదే తిండి. అందుచేత కట్టిన దాణాయే మేలు. సాయంత్రం పూట సరదాకు గుప్పెడు జొన్నలో నూకలో, కాస్త తోటకూర, ఒక మూకుడులో జల్లించిన ముతక ఇసుక. అంతకు మించితే జొన్నలతోనే కడుపు నింపుకొని దాణా ముట్టవు.

ఇక మిగిలిన అన్నం. మన ఇళ్ళల్లో కోడి అనగానే రాత్రి అన్నం గుర్తుకు వస్తుంది. 1890 ప్రాంతాల జావా దీవిలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు పెంచిన కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయాయి. ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వాటికి పెడుతున్నారట. కొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నం ఊరికోళ్ళకు ఎందుకని ఆపేసి, దంపుడుబియ్యం పెట్టించేసరికి అవి లేచి తిరిగాయి. తవుడులో వున్న విటమిన్ మహత్యం అది! ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానం వచ్చింది. వంటవాడికి ఏమిచ్చారో మరి.

వేరుశనగ చెక్క మంచి బలమే, కాని బూజు పట్టినదైతే విషం. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు అట్లాంటి చెక్క తినే చచ్చిపోయాయి. మన వానాకాలంలో దాణా మూత వున్న రేకు డబ్బాలో పోసి, నేలకు ఎత్తుగా పెట్టి, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొనడం మంచిది. ముక్కవాసన వేస్తే పారెయ్యండి; కడిగి ఎండబెట్టినా ఆ విషం పోదు.

తొట్టి సంగతి చిన్నదనుకొంటారు గాని, నా డబ్బంతా అక్కడే చెల్లాచెదరయింది. మొదట పాత ఇత్తడి పళ్ళెంలో పోశాను. పెట్టలు అందులోకెక్కి గీరి, రెట్టవేసి, అదే తిన్నాయి. రక్తవిరేచనాల జబ్బు పిల్లలకు పట్టేది ఇట్లాగే. తరువాత ఒక రేకు తొట్టి చేయించాను. పైన తిరిగే కమ్మీ వున్నది గనుక ఎక్కి కూర్చోబోతే జారిపోతాయి. తొట్టి అంచు పెట్ట వీపుకు సమానంగా వుండాలి. పెట్టలు ఎదిగినకొద్దీ కింద ఇటుక మార్చాలి. తొట్టిలో మూడోవంతుకు మించి పొయ్యకూడదు. నిండా పోస్తే ముక్కుతో చిమ్మి నేలపాలు చేస్తాయి. ఒక్కొక్కదానికి నాలుగు అంగుళాల చోటు చాలునన్నారు గాని, నేను రెండు తొట్లు పెట్టాను. ప్రతి గుంపులోనూ ఒక గయ్యాళి వుంటుంది. అది ఒక తొట్టిని కాపలా కాస్తే, బక్కది రెండోదాని దగ్గర తింటుంది.

చీకటి పడగానే తొట్లు లోపలికి తెచ్చెయ్యాలి. లేకపోతే మోరీలోంచి పందికొక్కులు విందుకు వస్తాయి.

దాణా మార్చేందుకు కాలెండరు ఒక్కటే చూస్తే చాలదు. పద్ధెనిమిది, ఇరవై వారాల వయసులో తురాయి ఎర్రబడి, చెయ్యి వేస్తే పెట్ట చతికిలబడుతుంది. అప్పుడు పాత దాణాలో కొత్తది కలుపుతూ, వారం రోజులలో పూర్తిగా మార్చాలి. వేరే చిప్పలో ఆల్చిప్పల పొడి పెడితే, కావలసినదే తింటుంది.

మిగిలిన అయిదింటిలో నాలుగు గుడ్డుకు వచ్చాయి. మొదటి గుడ్డు జామచెట్టు కింద గంపలో దొరికింది. నిమ్మకాయంత కూడా లేదు. దానిని వండనివ్వనని మా అమ్మాయి రెండు రోజులు దాచింది. అయిదోది ఆ బక్క పెట్ట. దాని తురాయి నిన్ననే కాస్త ఎర్రబడింది.