సంతకం నాది... మాటా నాదే!

గడప దాటగానే మనకు కనిపించేవి ఏమిటి? కొళాయి, మురుగు కాలువ, వీధి దీపం, చెత్తకుండీ. వీటిలో ఏది పాడైనా ముందుగా ఇబ్బంది పడేది ఎవరు? ఇంకెవరు, మనమే! కానీ వాటి గురించి మాట్లాడాల్సిన మున్సిపల్ కౌన్సిల్లో మాత్రం చాలాకాలం ఆడవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1962లోనే రాణీ కుముదినీదేవి హైదరాబాద్ నగరానికి మేయరయ్యారు. నిజమే. అయితే చిన్న పట్టణాల్లో మామూలు గృహిణికి ఆ తలుపు తెరుచుకున్నది 74వ రాజ్యాంగ సవరణతోనే. 1992లో పార్లమెంటు ఆమోదించిన ఆ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు మహిళలవయ్యాయి.

1995 ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వయింది. పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. అడిగింది మాత్రం నన్ను కాదు, మావారిని! 'మాస్టారూ, మీ ఆవిడగారి పేరు పెట్టేద్దాం. పనులు మనం చూసుకుందాం' అన్నారు. 'పేరు నాదైతే పనీ నాదే. దానికి సరేనంటేనే నిలబడతాను' అని లోపలి నుంచే చెప్పాను. మావారు నవ్వి, 'విన్నారుగా!' అన్నారు. అలా నిలబడ్డాను, గెలిచాను కూడా.

కుర్చీ కోసం కాదు, కాగితం కోసం

కౌన్సిలర్ అనగానే చాలామంది ఏదో అధికారం చేతిలో ఉంటుందనుకుంటారు. కాలువ తవ్వించమని కౌన్సిలర్ ఆర్డరు వేయలేదు. అమలు చేసేది కమిషనరు, సిబ్బంది. కౌన్సిలర్ చేతిలో ఉన్నవి రెండే... సమావేశంలో అడిగే ప్రశ్న, తీర్మానంలో వేసే ఓటు. మీ వీధి పని అజెండాలోకి ఎక్కాలి, తీర్మానం కావాలి, ఇంజినీరు ఎస్టిమేటు వేయాలి, టెండరు పిలవాలి, ఆ తర్వాతే పలుగు నేలమీద పడుతుంది. ఈ దారిలో ఎక్కడ కాగితం ఆగిపోయిందో కనుక్కోవడమే సగం పని!

మొదటి సమావేశానికి వెళ్తే అటెండరు వినయంగా 'మాస్టారు రాలేదా అమ్మా?' అన్నాడు. 'ఆయనకి బడి ఉంది నాయనా, నాకు మీటింగు ఉంది' అన్నాను. లోపల ఇద్దరు ముగ్గురు తోటి మహిళా సభ్యుల వెనక వాళ్ల భర్తలు కూర్చుని, అజెండా చదివి చెబుతున్నారు. నేను మాత్రం ముందురోజు రాత్రి పిల్లలు పడుకున్నాక అజెండా అంతా చదివి, అర్థం కానిచోట పెన్సిలుతో గీత పెట్టుకుని వచ్చాను. ఆ గీతలే నా ప్రశ్నలయ్యాయి.

తెల్లవారుజామున నీళ్ల లెక్క

మా వార్డులో చివరి వీధికి కొళాయి నీళ్లు సరిగా వచ్చేవి కావు. ఎత్తు మీదున్న ఇళ్లు, పైగా పైపు చివర. ముందు వీధుల వాళ్లు పట్టుకున్నాక మిగిలితే సన్నటి ధార. బిందెల దగ్గర రోజూ గొడవే. 'కొత్త పైపులైను వేస్తే తప్ప కుదరదు, డబ్బు లేదు' అని ఆఫీసు జవాబు.

పదిరోజులు నాలుగింటికే లేచి ఆ వీధికి వెళ్లాను. నీళ్లు ఎన్నింటికి వదిలారు, చివరి కొళాయికి ఎన్నింటికి చేరాయి, ఎన్ని బిందెలు నిండాయి... అన్నీ మా పెద్దాడి పాత నోటుబుక్కులో రాశాను. 'కౌన్సిలరమ్మా, మాతోపాటు మీకెందుకీ చలి?' అని నవ్విన ఆడవాళ్లే మూడోరోజు నుంచి తామే లెక్క చెప్పడం మొదలుపెట్టారు. ఆ పుస్తకం సమావేశంలో తీసి చదివాను. కొత్త పైపు అడగలేదు. ముందు వీధుల వాల్వు కాసేపు కట్టేసి, చివరి వీధికి విడిగా అరగంట వదలండి అన్నాను. అంతే! రూపాయి ఖర్చు లేకుండా వంతులవారీగా నీళ్లొచ్చాయి. కొత్త పైపు మూడేళ్లకు పడింది. కానీ ఆ మూడేళ్లూ ఎవరి బిందే ఖాళీగా ఇంటికి వెళ్లలేదు.

బక్కెట్టు నీళ్లతో పరీక్ష

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. ఒక వీధిలో సిమెంటు కాలువ కట్టారు. పని బాగానే జరిగిందని వార్డు సభ్యురాలిగా సంతకం పెట్టమని కాంట్రాక్టరు కాగితం తెచ్చాడు. తెచ్చింది మళ్లీ మావారి దగ్గరికే! ఆయన 'ఆవిడనే అడగండి' అన్నారు.

నేను వెళ్లి ఒక బక్కెట్టు నీళ్లు కాలువలో పోశాను. నీళ్లు పెద్ద కాలువ వైపు వెళ్లకుండా వెనక్కి వచ్చి మా కాళ్ల దగ్గరే నిలిచాయి. వాటం లేదు! వానొస్తే ఆ మురుగంతా ఇళ్లలోకే. సంతకం పెట్టనన్నాను. ఇంటికి పళ్లబుట్ట వచ్చింది, తిప్పి పంపాను. తర్వాత మాటలొచ్చాయి. 'మంచి కోడలనుకున్నాం, మగాళ్లతో పంతాలేమిటి?' అని చుట్టాల్లోనే అన్నారు. మా అత్తగారు అప్పటిదాకా నా పదవి మీద అయిష్టంగానే ఉండేవారు. ఆ మాటన్న ఆవిడతో 'మీ ఇంట్లోకి మురుగొస్తే అప్పుడు చెప్పండి వదినగారూ' అన్నారు! నాలుగు నెలల తర్వాత కాలువ పగలగొట్టి మళ్లీ కట్టారు.

రిజర్వేషన్ పోతే...

2000లో మా వార్డు జనరల్ అయింది. 'ఇప్పుడు లేడీస్ సీటు కాదు కదమ్మా' అని మా పార్టీవాళ్లే టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడి ఓడిపోయాను. నేర్చుకున్న పని చేతికి పూర్తిగా పట్టుబడే సరికి సీటు మారిపోవడం నా ఒక్కదాని కథ కాదు. మరో చిక్కూ ఉండేది... ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హత. చురుకైన మా పక్కింటి పిన్నిగారి కోడలు అలాగే ఆగిపోయింది. ముగ్గురు పిల్లల్ని కనమన్నది అత్తింటివారు, అనర్హత మాత్రం ఆమెకి! ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించింది.

కౌన్సిలర్లు లేని రోజులూ చూశాం. 2005లో గెలిచిన పాలకవర్గాల గడువు 2010లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2014లో. ఆ నాలుగేళ్లూ ప్రత్యేకాధికారుల పాలనే. దీపం వెలగకపోతే తలుపు తట్టడానికి వీధిలో మనిషి లేకపోవడం ఎంత లోటో అప్పుడు తెలిసింది. పదవి లేని నా తలుపే తట్టేవాళ్లు!

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మహిళల వాటా మూడో వంతు నుంచి సగానికి పెరిగింది. సంతోషమే. కానీ సగం కుర్చీల్లో కూర్చోవడం వేరు, సగం ప్రశ్నలు అడగడం వేరు.

మీరూ నిలబడాలనుకుంటున్నారా?

* 21 ఏళ్లు నిండి, మీ ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. ముందు అది చూసుకోండి.

* అజెండా మీరే చదవండి. అర్థం కానిది అడగడం నామోషీ కాదు, అది మీ హక్కు.

* నోటిమాటగా ఏదీ అడగొద్దు. అర్జీ రాసి, తేదీ వేసి, అందినట్టు రసీదు తీసుకోండి.

* బడ్జెట్ సమావేశం మానొద్దు. అక్కడ డబ్బు కేటాయించని పని ఏడాదంతా అడిగినా జరగదు.

* ఖాళీ కాగితం మీద, చూడని పని మీద సంతకం వద్దు... అడిగింది కట్టుకున్నవాడైనా సరే!

* కౌన్సిలర్ కాకపోయినా ఫర్వాలేదు. మీ వీధి పనికి ఎంత ఎస్టిమేటు వేశారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీరే అడగొచ్చు. ఈ వానాకాలంలోపు ఆ ఒక్క కాగితం రాసి చూడండి.