సుంకం మాఫీలో ఎన్ని సిత్రాలో!

పేద దేశాల సరుకుకు ధనిక దేశాలు సుంకం తగ్గించాలన్న తీర్మానం ఏ ఊళ్లో జరిగిందో మీకు తెలుసా? జెనీవా కాదు, న్యూయార్క్ అంతకన్నా కాదు. మన ఢిల్లీలో! 1968 నాటి ఐక్యరాజ్యసమితి వాణిజ్య సదస్సులో. ఆ పథకమే జీఎస్పీ. ఐరోపా 1971లో మొదలుపెట్టింది. అమెరికా కదిలేసరికి 1976 వచ్చింది!

2017లో అమెరికాలో ఈ రాయితీని అందరికన్నా ఎక్కువగా వాడుకున్నది ఎవరో మీకు తెలుసా? మనమే! దాదాపు 570 కోట్ల డాలర్ల సరుకు. మరి దానివల్ల ఆదా అయిన సుంకం? మన ప్రభుత్వ లెక్కలో ఏటా 19 కోట్ల డాలర్లు. అంటే నూటికి మూడు డాలర్ల పైచిలుకే. పేరు గొప్ప!

2019 జూన్ 5న ట్రంప్ ఆ రాయితీ పీకేశారు. తీర్మానానికి ఆతిథ్యం ఇచ్చిన ఇంటివాళ్ల విస్తరే ఎత్తేశారన్నమాట. ఆ తగవులో ఆవు కూడా ఉందని మీకు తెలుసా? రక్తం, మాంసం కలిసిన దాణా తిన్న పశువుల పాలు మాకొద్దన్నాం. అమెరికా పాడి వ్యాపారులు భగ్గుమన్నారు. ఆవు మేతకు ఇంత రాజకీయమా!

మరి రాయితీ పోయాక నిజామాబాద్ జిల్లా ముప్కాల్ పసుపు గతేమైంది? తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పడితే నిజామాబాద్ యార్డులో కొమ్ము ఒక కుప్ప, గోళ ఒక కుప్ప. ఆ పసుపుకు అమెరికా సుంకాల పట్టికలో ఉన్న మామూలు రేటెంతో తెలుసా? సున్నా! జీఎస్పీ పోయినా కొమ్ముకు చీమ కుట్టినట్టయినా లేదు. (2025 అదనపు సుంకాలది వేరే గొడవ.)

పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అంటూ 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలోకి రైతులు దిగారు. మొత్తం అభ్యర్థులు ఎంతమందో తెలుసా? 185! ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. తన గుర్తు వెతుక్కునేసరికి ఓటరుకు ఎండదెబ్బే! బోర్డు మాత్రం 2025 జనవరిలో వచ్చింది, కార్యాలయం నిజామాబాద్‌లోనే.

పసుపు గాయం మాన్పుతుందని అమెరికాలో 1995లో పేటెంటే ఇచ్చేశారని మీకు తెలుసా? మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు పట్టుకెళ్లి 1997లో రద్దు చేయించింది. ఏ అమ్మమ్మను పిలిచినా సాక్ష్యం చెప్పేది!

ఇక పంచదార. 1975లో ఐరోపా మన దేశానికి ఏటా 25,000 టన్నుల కోటా ఇచ్చింది. సుంకం లేదు, పైగా ధరకు గ్యారంటీ! మనమేం చేశామో తెలుసా? సరుకు పంపలేకపోయాం! 1981లో కోటా సున్నా. తర్వాత 10,000 టన్నులు తిరిగిచ్చారు. పది టన్నుల లారీలైతే వెయ్యి, అదీ దేశం మొత్తానికి!

ఆ కోటా ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నారో తెలుసా? నిరవధికం! 2009లో ముగిసింది.

పంచదార చేసే చోటా అదే కథ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకున్న బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ పేరులో మాత్రం తీపి అలాగే ఉంది.

మత్తుమందులతో పోరాడే దేశాల సరుకుకు ఐరోపా సుంకం ఎత్తేసిందని మీకు తెలుసా? ఆ 12 దేశాల జాబితాలో పాకిస్తాన్ ఉంది, మనం లేం. ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి 2004లో గెలిచాం!

సరుకు బాగా అమ్ముడుపోయినా రాయితీ పోతుందని తెలుసా? మన జౌళి సరుకుకు 2014లో ఐరోపా అదే చేసింది. ఓడితే సాయం, గెలిస్తే సుంకం!

మనం పుచ్చుకోవడమే కాదు, ఇస్తాం కూడా! అతి వెనుకబడిన దేశాల సరుకుకు 2008 నుంచి మన దేశమే సుంకం తగ్గిస్తోంది. అంటే 2019 దాకా దాదాపు పదకొండేళ్లపాటు ఒక చేత్తో అమెరికా దగ్గర పుచ్చుకుంటూ ఇంకో చేత్తో ఇచ్చాం. ఇంతకీ మనం పేదవాళ్లమా, పెద్దవాళ్లమా? జవాబు తెలిస్తే ఢిల్లీకి ఒక కార్డు ముక్క రాసి పడేయండి!