మియాటాకు కొత్త సస్పెన్షన్: కిందికి దించాలా, వద్దా?

నా కారు మాజ్దా మియాటా, 2016 మోడల్, రెండే సీట్లు. న్యూజెర్సీలో రోజూ ఆఫీసుకు వెళ్ళేది దాంట్లోనే. "ఈ వయసులో నీకీ సరదా ఏమిటి" అనేవాళ్ళను ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని తిప్పితే మళ్ళీ అడగరు. పోయిన ఏడాది మాత్రం మా అత్తగారు ప్రతి గతుక్కీ నడుం పట్టుకున్నారు. గతుకు దాటాక కారు ఒక్కసారి ఊగి ఆగాలి, నాది మూడు నాలుగుసార్లు ఊగుతోంది. వెనక షాక్ అబ్జార్బర్ మీద నూనె కారిన మరక కూడా కనిపించింది. షాకుల పని అయిపోయిందన్నమాట. మళ్ళీ కంపెనీవే వేయించాలా, బయట దొరికే మంచివి చూడాలా?

మొదట వెళ్ళిన షాపులో కౌంటర్ దగ్గరి అబ్బాయి "మీవారిని ఒకసారి మాట్లాడమనండి" అన్నాడు. మావారికి టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పేది నేనే! సరే, ఆ తర్వాత అతను చూపించినవి కారును బాగా కిందికి దించే గట్టి స్ప్రింగులు. ఫొటోల్లో చాలా బాగుంటుంది.

కారు బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేసేది షాకు. కారును దించితే చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది. గుంత రాగానే ఆ కాస్త చోటూ అయిపోయి బంప్ స్టాప్‌కు గుద్దుకుంటుంది. అదే మలుపులో జరిగితే టైరుకు రోడ్డు మీద పట్టు తప్పవచ్చు. అంటే ఇది నడుం నొప్పితో పోయే సంగతి కాదు. రేస్ ట్రాక్ నున్నగా ఉంటుంది, అక్కడ గట్టిదనం పనికొస్తుంది. మా దగ్గర చలికాలంలో రోడ్డు పగుళ్ళలోకి దిగిన నీళ్ళు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, మార్చి వచ్చేసరికి ఎక్కడ చూసినా గుంతలే. ఇలాంటి రోడ్డు మీద టైరును నేలకు అంటిపెట్టి ఉంచేది మంచి షాకు, చక్రం కదిలే చోటు.

పాత షాకుల మీద పొట్టి స్ప్రింగులు వేయడం అన్నిటికన్నా చెడ్డ బేరం. కాయిలోవర్లతో ఎత్తు మన ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్ లాంటివాటిలో గుంత తగిలిన క్షణంలో తెరుచుకునే వాల్వు ఉంటుంది కాబట్టి కుదుపు తక్కువ. కానీ ధర రెండు వేల డాలర్లు దాటుతుంది. పైగా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వాటి మరల్లో చేరి తుప్పు పట్టిస్తుంది. చవక కాయిలోవర్లకు ముప్పై క్లిక్కులు ఉన్నాయని మురిసిపోవద్దు, క్లిక్కుల లెక్క నాణ్యతను చెప్పదు.

బిల్‌స్టీన్ వాళ్ళ షాకుల్లో బీ6 మామూలు ఎత్తుకు, బీ8 దించిన కారుకు. పేరు చూసి కాదు, ఈ తేడా చూసి కొనాలి. మియాటాలోనే క్లబ్ రకానికి మాజ్దా వాళ్ళే బిల్‌స్టీన్ షాకులు వేసి అమ్మారు. నాది అది కాదు గానీ, నేనూ ఆ దారే పట్టాను. ఎత్తు మార్చలేదు, స్ప్రింగులు పాతవే. షాకులు బిల్‌స్టీన్, బంప్ స్టాపులూ పై రబ్బరు మౌంట్లూ కొత్తవి. షాకులు విప్పినప్పుడే ఇవీ మార్చేస్తే రెండోసారి కూలీ తప్పుతుంది.

బయటి పార్టు వేస్తే వారంటీ మొత్తం పోతుందని భయపెడతారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, కేవలం బయటి పార్టు ఉందన్న సాకుతో వారంటీని కాదనకూడదు. ఆ పార్టు వల్లే చెడిపోతే మాత్రం ఆ రిపేరు మన ఖర్చే.

బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, కొలతల కాగితం అడిగి తీసుకోండి. కారును దించినవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం, చక్రాలు లోపలికి వాలి టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది.

షాపును ఎంచుకోవడానికి నేను ఫోన్లో ఒకే ప్రశ్న అడిగాను: "రబ్బరు బుషింగుల బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగిస్తారా?" చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగాక రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. ఇద్దరు నసిగారు. మూడో ఆయన నవ్వి, "అలాగే బిగిస్తాం, కావాలంటే నిలబడి చూడండి" అన్నాడు. కారు ఆయనకే ఇచ్చాను.