పేరు చివర 'మాబ్'

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక డాక్టర్ రాసిన మందు ట్రాస్టుజుమాబ్. పక్క మంచం ఆవిడకీ అదే జబ్బు, కానీ ఆవిడకి ఈ మందు రాయలేదు. "నా దగ్గర డబ్బు లేదనేమో" అని ఆవిడ బాధపడింది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, నర్సు కన్నడంలో చెప్పింది, ఆవిడకి తెలుగొక్కటే వచ్చు. కారణమేంటో నేను చదివి తెలుసుకున్నాను.

తెలుగు విద్యార్థులం కదా, పదం కనిపిస్తే విడదీస్తాం. ట్రాస్ + టు + జు + మాబ్. 'ట్రాస్'కి అర్థం లేదు, ఇతర మందుల నుంచి వేరుగా గుర్తుపట్టడానికే. 'టు' అంటే ట్యూమర్, కణితి. 'మాబ్' అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ.

యాంటీబాడీలంటే ప్రతిరక్షకాలు. తెల్లరక్తకణాల్లో ఒక జాతి వీటిని తయారుచేస్తుంది. ఒక్కో కణం ఒక్క రకమే చేస్తుంది, ఆ రకం తన గుర్తునే వెతికి పట్టుకుంటుంది. కానీ రక్తంలో అన్ని రకాలూ కలిసి ఉంటాయి. ఒకే రకం కావాలని ఒక కణాన్ని విడిగా పెంచితే అది త్వరగా చచ్చిపోతుంది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఎలుక ప్లీహంలోని అలాంటి కణాన్ని, ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఆ జంటకణం చావదు, దాని సంతానమంతా ఒకే రకం యాంటీబాడీ చేస్తుంది. దీనికి 1984లో నోబెల్ వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. ఎలుక యాంటీబాడీని మన ఒళ్ళు పరాయిదనుకుని ఎదిరిస్తుంది. అందుకే గుర్తును పట్టుకునే కొసలు మాత్రం ఎలుకవి ఉంచి, మిగతాదంతా మనిషిదిగా మార్చారు. పేరులో 'జు' అదే.

ట్రాస్టుజుమాబ్ వెతికే గుర్తు హెర్-2 అనే ప్రోటీన్. కణాన్ని పెరగమని చెప్పేది అదే. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 మందికే అది మితిమీరి ఉంటుంది. మందు దాన్ని పట్టుకుని ఆ కబురు ఆపుతుంది. అది మామూలుగానే ఉన్నవాళ్ళకి ఈ మందు పనిచేయదు, పైగా గుండెకి ఇబ్బంది కలిగే అవకాశం ఉంది. అందుకే ముందు కణితి ముక్క తీసి పరీక్ష చేస్తారు.

పిన్ని రిపోర్టులో హెర్-2 పాజిటివ్, ఆవిడ రిపోర్టులో నెగటివ్. అంతే తేడా. ఆ మాట తెలుగులో చెప్పాక ఆవిడ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని, "మరి నాకిచ్చే మందు పేరేంటో చదవమ్మా" అంది.